సిస్టర్ మూడ్ ఎలా ఉంది?

(మే 12, నర్సుల దినోత్సవం నాడు నర్సింగ్ విద్యార్థినులకు, ఈ మధ్యే డ్యూటీలో చేరినవాళ్లకు ఒక సీనియర్ హెడ్ నర్స్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు డ్యూటీలో ఉండి రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఆవిడ మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండమ్మా, ఈ రెండు వరసలూ ఖాళీగా ఉన్నాయి. నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అంతమందా! సరే, మీకు కళ్లు మూతలు పడితే పడనివ్వండి, నేనేమీ అనుకోను. రాత్రంతా నిలబడి వచ్చారు కదా.

నాకిచ్చిన అంశం ఎమోషనల్ ఇంటెలిజెన్స్, దాంతో తోటివాళ్లతో కలిసి బాగా పనిచేయడం ఎలా అన్నది. తెలుగులో భావోద్వేగ ప్రజ్ఞ అని రాస్తున్నారు. మాట బరువుగా ఉంది గానీ సంగతి మనకు కొత్తదేం కాదు. మనసెరిగి మెలగడం అంటాం చూడండి, అదే. మన మనసులో ఏముందో మనం ఎరగడం, ఎదుటి మనిషి మనసులో ఏముందో ఎరగడం, ఎరిగాక దానికి తగ్గట్టు నడుచుకోవడం. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అని అమెరికాలో ఇద్దరు సైకాలజిస్టులు దాని మీద ఈ పేరుతో ఒక పరిశోధన పత్రం రాశారు. ఇంకో ఐదేళ్లకి, 1995లో, డేనియల్ గోల్‌మన్ అనే ఆయన దాన్ని జనంలోకి తీసుకెళ్లారు. అప్పట్నుంచి ఆఫీసుల్లో, కాలేజీల్లో, ఆస్పత్రుల్లో దీని మీద ట్రైనింగులే ట్రైనింగులు.

నేనూ నాలుగైదు ట్రైనింగులకు వెళ్లాను. వెళ్లిన ప్రతిచోటా దాదాపు ఒకటే చెప్పారు. నవ్వుతూ పలకరించండి, ఓపిక పట్టండి, కోపాన్ని అదుపులో పెట్టుకోండి. తప్పని నేను అనను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దవాళ్లూ అన్నారు. కానీ ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు అర్థమైంది అది మాత్రమే కాదు. నాకు అర్థమయ్యేలా చేసింది ఏ ట్రైనింగూ కాదు, వార్డు గుమ్మం దగ్గర ఒక అమ్మాయి అడిగిన ఒక్క ప్రశ్న. అది నన్ను అడగలేదు, మా ఆయమ్మని అడిగింది. ముందు ఆ సంగతి చెప్తాను.

చాలా ఏళ్ల కిందటి మాట. ఏ ఆస్పత్రి, ఏ ఊరు అన్నది వదిలేయండి. మగవాళ్ల మెడికల్ వార్డు. ఒక అమ్మాయి కొత్తగా చేరింది, ఆర్నెల్లు కూడా కాలేదు. ఆ రోజు ఆమెది మధ్యాహ్నం డ్యూటీ, నాది నైట్. సాయంత్రం ఏడుంపావుకి, భోజనాలకు ముందు, ఒక పెద్దాయనకి 20 యూనిట్లు ఇన్సులిన్ ఇవ్వాలి. వార్డులో స్టాక్ అయిపోయింది, ఆయన కొడుకు బయట మెడికల్ షాపు నుంచి వయల్, అంటే మందు సీసా, తెచ్చాడు.

ఇక్కడ డిప్లొమా మొదటి ఏడాది పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను. మన దేశంలో ఇన్సులిన్ వయల్స్ రెండు రకాలు దొరుకుతాయి. ఒకదాంట్లో మిల్లీలీటరుకి 40 యూనిట్లు, ఇంకోదాంట్లో మిల్లీలీటరుకి 100 యూనిట్లు. సిరంజిలు కూడా దేనివి దానికే. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత. మా వార్డులో ఎప్పుడూ వాడేది 40. కొడుకు తెచ్చింది 100. ఆ అమ్మాయి అలవాటుగా ఎర్ర మూత సిరంజి తీసుకుంది, 20 గీత దాకా లాగింది, ఇచ్చేసింది. ఎర్ర మూత సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటరు. అర మిల్లీలీటరులో, ఆ వయల్ ప్రకారం, ఎన్ని యూనిట్లు? చెప్పండి. యాభై. ఇరవై పడాల్సిన చోట యాభై పడింది.

ఎనిమిది గంటలకు నేను వచ్చాను. హ్యాండోవర్, అంటే దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి పేషెంట్లని అప్పగించడం, మొదలుపెట్టాం, బెడ్డు బెడ్డుకీ వెళ్తున్నాం. ఆ పెద్దాయన దగ్గరికి వచ్చాం. "ఇన్సులిన్ 20 యూనిట్లు ఇచ్చాను సిస్టర్" అంది. నేను చార్టు చూశాను, సంతకం ఉంది, తర్వాతి బెడ్డుకి నడిచాను. కానీ అప్పటికే ఆమెకి తెలుసు. హ్యాండోవర్‌కి ఐదు నిమిషాల ముందు వయల్‌ని ఫ్రిజ్‌లో పెడుతుంటే లేబుల్ మీద 100 అంకె కనపడిందట. తెలిసే నాతో ఆ మాట అంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నిమిషం అంతా నాకు కనపడుతుంది. గొంతు తగ్గిపోయింది. చేతిలో పెన్ను క్యాప్ తీస్తోంది, పెడుతోంది, తీస్తోంది, పెడుతోంది. ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. నేను చార్టు చూశాను, మనిషిని చూడలేదు.

ఎనిమిదింబావుకి ఆమె వెళ్లిపోయింది. బస్టాపులో నిలబడింది. రెండు బస్సులు వెళ్లిపోయాయి, ఎక్కలేదు. వెనక్కి నడిచి వచ్చింది. వార్డు గుమ్మం దగ్గర ఆయమ్మ కూర్చుని ఉంది. ఆ అమ్మాయి లోపలికి రాలేదు. ఆయమ్మ పక్కన వంగి, మెల్లగా అడిగిందట, "సిస్టర్ మూడ్ ఎలా ఉంది?" అని.

వింటున్నారా? లోపల ఒక మనిషి ఒంట్లో యాభై యూనిట్ల ఇన్సులిన్ ఉంది. ఆమెకి తెలుసు. అయినా ముందు కనుక్కోవాల్సి వచ్చింది నా మూడ్ గురించి.

ఆయమ్మ "మామూలుగానే ఉంది, పో తల్లీ" అంది. అప్పుడు వచ్చి చెప్పింది. టైము ఎనిమిది యాభై. నేను పరిగెత్తాను. పెద్దాయన చొక్కా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. నన్ను చూసి "ఎడ్లు కట్టేశారా?" అని అడిగాడు. ఏడున్నరకి ఇడ్లీ తెచ్చిపెట్టారు, ఒకటి తిని పక్కన పెట్టేశాడట. గ్లూకోమీటర్ పెడితే 46, షుగర్ బాగా పడిపోయింది. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి, 25 శాతం డెక్స్ట్రోజ్, అంటే గ్లూకోజు, ఎక్కించాం. పది నిమిషాలకి చూపు నిలిచింది. "ఏమ్మా, అందరూ నా చుట్టూ చేరారేంటి?" అన్నాడు. తెల్లారేదాకా గంట గంటకీ షుగర్ చూశాను, డ్రిప్ మార్చాను. నాలుగో రోజు ఇంటికి వెళ్లాడు. ఆ విషయంలో దేవుడు దయ చూశాడు.

తెల్లారగట్ల ఆయమ్మ టీ తెచ్చి ఇస్తూ చెప్పింది, గుమ్మం దగ్గర ఆ పిల్ల అడిగిన మాట. టీ చేతిలో అలాగే ఉండిపోయింది నాకు. ఎందుకంటే ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో నాకు వెంటనే తెలిసిపోయింది.

అంతకు వారం ముందు, ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టులో, అంటే పేషెంటు ఎన్ని నీళ్లు తాగాడు, ఎంత యూరిన్ వచ్చింది అని రాసే దాంట్లో, రెండు గంటల అంకెలు రాయలేదని ఆ అమ్మాయి మీద అరిచాను. డ్రెస్సింగ్ టేబుల్ దగ్గర, హౌస్‌సర్జన్లు ఉన్నారు, పేషెంట్ల తాలూకు వాళ్లు ఉన్నారు. "చదువుకుని వచ్చావా, సర్టిఫికెట్ కొనుక్కుని వచ్చావా?" అన్నాను. ఆ మాట నేను అన్నాను. ఇరవై రెండేళ్ల పిల్లని, అంతమందిలో.

వయల్ చూసుకోకపోవడం ఆమె తప్పే. నేను కాదనను, ఆమే కాదనలేదు. కానీ ఎనిమిది నుంచి ఎనిమిది యాభై దాకా గడిచిన యాభై నిమిషాలున్నాయే, అవి నావి. ఆ యాభై నిమిషాలూ నా వల్ల పోయాయి.

ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటే ఏంటని నన్ను ఎవరైనా అడిగితే నేను ఇప్పుడు ఒక్కటే అడుగుతాను. మీకు ఒక చెడ్డ వార్త చెప్పాల్సి వస్తే, మీ తోటివాళ్లు నేరుగా మీ దగ్గరికి వస్తారా, లేకపోతే ముందు మీ మూడ్ కనుక్కుంటారా? మీరెంత తియ్యగా మాట్లాడతారు, ఎంత నవ్వుతారు, నాకు అక్కర్లేదు. తప్పు జరిగినప్పుడు మీ దగ్గరికి రావడానికి మనిషికి ఎంతసేపు పడుతుంది? అది చెప్పండి.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకోకండి. హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసర్ ఉన్నారు. 1990ల్లో ఆవిడ ఆస్పత్రుల్లో నర్సుల టీములని చూశారు, మందుల విషయంలో జరిగే పొరపాట్ల గురించి. ఆవిడ అనుకున్నదేంటి? బాగా కలిసిమెలిసి పనిచేసే టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని. ఎవరమైనా అదే అనుకుంటాం కదా? లెక్కలు చూస్తే తిరగబడింది. మంచి టీముల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. ఇదేంటని లోతుగా వెళ్లి చూస్తే, ఆ టీముల్లో తప్పులు ఎక్కువ జరగడం కాదు, జరిగిన తప్పుని బయటికి చెప్పుకుంటున్నారు. మిగతాచోట్ల దాచేస్తున్నారు. దాచిన తప్పు రిజిస్టర్‌లోకి ఎక్కదు, పేషెంటు ఒంట్లోకి మాత్రం ఎక్కుతుంది. ఆ తర్వాత 1999లో ఆవిడ దీని మీద ఇంకో పరిశోధన రాశారు, సైకలాజికల్ సేఫ్టీ అన్నారు. నా వరకు దాని అర్థం, గుమ్మం దగ్గర ఆగకుండా లోపలికి రాగలగడం.

ఇంకో మాట చెప్తాను, ఇది బాగా ఆలోచించండి. ఆ అమ్మాయికి ఎమోషనల్ ఇంటెలిజెన్స్ లేదా? ఉంది. నా మూడ్ ఎలా ఉంటుందో, ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు మాట్లాడకూడదో ఆమెకి నాకంటే బాగా తెలుసు. కింద పనిచేసే ప్రతివాళ్లకీ తెలుసు. ఆయమ్మలకి తెలుసు, వార్డ్ బాయ్‌లకి తెలుసు, మీకు మీ ట్యూటర్ల మొహం చూస్తే తెలుస్తుంది, ఈరోజు నోట్స్ చూపించొచ్చా వద్దా అని. పొద్దున లేచి ఆకాశం చూసినట్టు పైవాళ్ల మొహం చూస్తాం. మబ్బు పట్టిందా, ఎండ కాస్తోందా? పైకి వెళ్లేకొద్దీ ఏమవుతుందంటే, ఇంకొకరి మొహం చూడాల్సిన పని తగ్గిపోతుంది. నాకు ఆ రోజు ఆ అమ్మాయి మొహం చూడాల్సిన అవసరం రాలేదు, చూడలేదు. కాబట్టి ఈ ట్రైనింగులు కొత్తగా చేరినవాళ్లకంటే ముందు మాలాంటివాళ్లకి పెట్టాలి, ఏటేటా పెట్టాలి. ఈ మాట ఇక్కడున్న పెద్దలు వినాలనే మైకులో చెప్తున్నాను.

సరే, నేను ఆ రోజు ఎందుకు అరిచాను? దీని గురించి చాలాకాలం ఆలోచించాను. అప్పట్లో ఎవరైనా అడిగితే "టెన్షన్‌లో అన్నాలే" అనేదాన్ని. మనం అందరం అదే అంటాం. పరీక్ష అంటే టెన్షన్, పెళ్లిచూపులంటే టెన్షన్, జీతం పడకపోతే టెన్షన్, పిల్లాడికి జ్వరమొస్తే టెన్షన్, హెచ్ఓడీ రౌండ్స్‌కి వస్తున్నాడంటే టెన్షన్. ఒక్క మాట పెట్టి అన్నిటినీ మూసేస్తున్నాం. మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. చిరాకు వేరు, విసుగు వేరు. కోపం వేరు, ఉక్రోషం వేరు. ఉక్రోషం అంటే ఏంటి? ఎవరి మీద రావాలో వాళ్లని ఏమీ అనలేక లోపల మండే కోపం. కినుక వేరు, అక్కసు వేరు. బెంగ వేరు, గుబులు వేరు, దిగులు వేరు. మా అమ్మమ్మ బడికి వెళ్లలేదు, కానీ మా మొహం చూసి "ఇది కోపం కాదే, అలక" అని పేరు పెట్టి చెప్పేది.

పేరు పెడితే ఏమొస్తుంది అంటారేమో. 2007లో అమెరికాలో మాథ్యూ లీబర్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం మెదడు స్కానింగులు తీసి చూశారు. కోపంగా, భయంగా ఉన్న మొహాల బొమ్మలు చూపించి, అందులో కనపడే భావానికి సరైన మాట ఎంచుకోమన్నారు. అలా పేరు పెట్టినప్పుడు మెదడులో అమిగ్డలా అనే భాగం, భయాన్ని రేపే భాగం, దాని ఉద్రేకం తగ్గింది. చూశారా, సరైన మాట పెట్టినంత మాత్రానే.

నేను ఆ రోజుకి పేరు పెట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ వారం మా అత్తగారు ఇంకో ఆస్పత్రిలో ఉన్నారు, కిడ్నీలు. ఆవిడకి యూరిన్ ఎంత వస్తోందని రోజూ నేను ఫోన్‌లో అడుగుతున్నాను, అక్కడెవరూ సరిగ్గా చెప్పడం లేదు. అలాంటి వారంలో, నా వార్డులో, నా కళ్లెదుట, యూరిన్ చార్టులో రెండు గడులు ఖాళీ. నాకు వచ్చింది ఆ అమ్మాయి మీద కోపం కాదు. అక్కడ ఎవర్నీ ఏమీ అనలేని ఉక్రోషం, దాని కింద ఆవిడ ఏమైపోతారో అని గుబులు. ఆ రెంటికీ ఈ పిల్లకీ ఏ సంబంధమూ లేదు. దొరికింది కాబట్టి ఆమె మీద పడింది. అప్పుడే "నాకు గుబులుగా ఉంది" అని నాలో నేను ఒక్కసారి అనుకోగలిగి ఉంటే, చార్టు గురించి ఆమెతో మామూలుగా మాట్లాడి ఉండేదాన్ని. ఖాళీ గడులు వదిలేయమని కాదు. వదలకూడదు. పక్కకి పిలిచి, "ఈ రెండు గంటలు ఏమైంది?" అని అడిగితే సరిపోయేది. అడిగి ఉంటే తెలిసేది, ఆ టైములో ఆమె ఇంకో బెడ్డు దగ్గర ఫిట్స్ కేసు పట్టుకుని ఉందని. అది కూడా నాకు తర్వాతే తెలిసింది.

సారీ చెప్పారా అని అడుగుతున్నారు ముందు వరసలో. చెప్పాను. ఎక్కడ చెప్పాలన్నది ముఖ్యం. ఏ డ్రెస్సింగ్ టేబుల్ దగ్గర అరిచానో అక్కడే చెప్పాను, వార్డులో అందరూ ఉన్నప్పుడే. "ఆ రోజు నేను అన్న మాట తప్పు, నువ్వు చదువుకునే వచ్చావు" అన్నాను. నలుగురిలో అన్నదానికి చాటుగా సారీ చెప్తే సరిపోదమ్మా. ఆ అమ్మాయి ఏమందో తెలుసా? ఏమీ అనలేదు. తల ఊపి పనిలోకి వెళ్లిపోయింది. నాతో మామూలుగా మాట్లాడటానికి ఇంకో ఐదారు నెలలు పట్టింది. అంత టైము పట్టడం సబబే. మనం సారీ చెప్పగానే ఎదుటివాళ్లు వెంటనే నవ్వాలని అనుకోవడం కూడా ఒకరకం పెత్తనమే.

అప్పట్నుంచి నేను హ్యాండోవర్ మొదలుపెట్టే తీరు మార్చాను. చార్టులు తీయకముందే ఒక మాట అడుగుతాను. "ఈ షిఫ్టులో నువ్వు అనుకున్నట్టు జరగనిది ఏమైనా ఉందా?" తప్పు చేశావా అని అడగను. అలా అడిగితే ఎవరూ అవునని చెప్పరు. అనుకున్నట్టు జరగనిది అంటే చెప్తారు. మొదటి నెల అందరూ "ఏం లేదు సిస్టర్" అన్నారు. నేను రోజూ అడిగాను. రెండో నెలలో ఒకమ్మాయి "రెండు గంటల యాంటీబయాటిక్ నాలుగుకి ఇచ్చాను" అంది. నేను "సరే, తర్వాతి డోసు టైము డాక్టర్ గారిని అడిగి మారుద్దాం" అన్నాను, అంతే. ఆ మాట అన్నప్పుడు పక్కనున్న ఇంకో ముగ్గురు నా మొహం చూశారు. నా మొహంలో ఏముందో చూసుకున్నారు. ఆ తర్వాత వాళ్లూ చెప్పడం మొదలుపెట్టారు.

ఇప్పుడు పైకి మాట్లాడటం గురించి. ఇది మీకు రేపట్నుంచే కావాలి. రాత్రి రెండు గంటలకి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేయాలి. చేయి వణుకుతుందా లేదా? వణుకుతుంది. నిద్రలేపితే విసుక్కుంటారని. అప్పుడు మనం ఎలా మాట్లాడతాం? "సార్, గుడ్ ఈవినింగ్ సార్, డిస్టర్బ్ చేశాను సార్, అదే సార్, ఆ పేషెంటు కొంచెం డల్‌గా ఉన్నారు సార్." అవతలి నుంచి "సరే చూడండి, పొద్దున వస్తా" అంటారు. ఆయన తప్పా? సగం. మనం చెప్పిందేంటి? కొంచెం, డల్, అదే. మన భయమంతా ఆ మాటల్లోకి వెళ్లింది, పేషెంటు పరిస్థితి వెళ్లలేదు.

విమానాల వాళ్లకి ఇది ప్రాణాలు పోతే గానీ తెలిసిరాలేదు. 1978 డిసెంబర్ 28న అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ వాళ్ల విమానం ఒకటి కూలిపోయింది, ఫ్లైట్ నంబరు 173. చక్రాలు సరిగ్గా దిగాయో లేదో అనుమానం వచ్చింది. కెప్టెన్ ఆ పనిలో పడ్డాడు, విమానం గాల్లో చక్కర్లు కొడుతోంది, దాదాపు గంట. ఇంధనం అయిపోతోంది. పక్కనున్న ఇద్దరికీ తెలుసు. ఇంధనం మాట ఎత్తారు కూడా. కానీ కెప్టెన్‌కి గట్టిగా తగిలేలా చెప్పలేదు. ఇంధనం అయిపోయి ఇంజన్లు ఆగిపోయాయి. 189 మందిలో 10 మంది చనిపోయారు. తర్వాతి ఏడాది, 1979లో, నాసా వాళ్లు దీని గురించే ఒక సదస్సు పెట్టారు. అక్కణ్నుంచి పైలట్లకి కొత్త శిక్షణ మొదలైంది, కింది మనిషి గట్టిగా చెప్పడం, పైమనిషి వినడం. చూడండి, విమానం నడపడం ముందే వచ్చు వాళ్లకి. రాంది ఇది.

పేషెంటు సంగతి డాక్టర్‌కి చెప్పడానికి మనకి ఎస్‌బార్ అనే పద్ధతి నేర్పిస్తున్నారు కదా, అదీ అమెరికా నౌకాదళంలో పుట్టి ఆస్పత్రుల్లోకి వచ్చిందే. ఇప్పుడేం జరుగుతోంది, దాని వెనక సంగతేంటి, నేనేమనుకుంటున్నాను, మీరేం చేయాలి. ఈ నాలుగూ. పరీక్షలో రాయడానికి కాదు, వణికే చేతికి ఊతకర్ర అనుకోండి. "సార్, మెడికల్ వార్డు, 14వ బెడ్డు. బీపీ 80/50, పల్స్ 124. నిన్న జ్వరంతో చేరారు, రెండు గంటలుగా యూరిన్ రాలేదు. నాకు షాక్‌లోకి వెళ్తున్నారనిపిస్తోంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి." ఎంతసేపు పట్టింది? ఇరవై సెకన్లు. ఫోన్ చేసేముందు కాగితం మీద ఈ నాలుగూ రాసుకోండి, రాసుకుని చూస్తూ చదవండి. చదువుతున్నప్పుడు గొంతు వణికినా ఫర్వాలేదు, అంకెలు వణకవు. "మీరు రావాలి" అనడానికి నోరు రాదు మనకి, అంత పెద్ద మాట ఎలా అంటాం అని. మర్యాద తప్పకుండానే అనొచ్చు. సార్ అనండి, అండీ అనండి, కానీ రావాలి అనే మాట మాత్రం మింగకండి.

ఇంకొకటి, పేర్లు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్ల కోసం ఒక చెక్‌లిస్టు ఇచ్చింది. అందులో కత్తి పెట్టేముందు అందరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలని ఒక మాట ఉంటుంది. 8 నగరాల్లో, ఢిల్లీతో సహా, దాన్ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో రాశారు. చెక్‌లిస్టులో చాలా ఉన్నాయి, అంతా పేర్ల వల్లే అని నేను చెప్పను. కానీ వాళ్లు పేర్లు ఎందుకు పెట్టారు? పేరు చెప్పిన నోరు ఒకసారి తెరుచుకుంది, ఇక అవసరమైనప్పుడు మళ్లీ తెరుచుకుంటుందని. మీ వార్డులో ఊడ్చే అమ్మ పేరు మీకు తెలుసా? ఎంతమందికి తెలుసు? ఆమె రోజుకి నాలుగుసార్లు ప్రతి మంచం కిందకీ వంగుతుంది. ఎవరి మంచం కింద నీళ్ల సీసా నింపింది నింపినట్టే ఉందో ఆమెకి తెలుసు, మనకి తెలియదు. ఒకసారి అలాంటామె నాతో "ఆ మూల తాత పొద్దుట్నుంచి నీళ్లు ముట్టలేదమ్మా" అంటే వెళ్లి చూశాను, మింగలేకపోతున్నాడు, మూతి ఒక పక్కకి పోయి ఉంది. పక్షవాతం మొదలైంది. చార్టులో లేదు అది.

చివరగా ఒక విషయం, ఇది చెప్పకుండా నేను దిగను. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ పేరు చెప్పి మిమ్మల్ని నోరు మూసుకుని నవ్వుతూ ఉండమంటే ఒప్పుకోకండి. 1983లోనే ఆర్లీ హోక్‌షీల్డ్ అనే ఆవిడ విమానాల్లో ఎయిర్‌హోస్టెస్‌ల గురించి రాశారు, లోపల ఏమున్నా మొహం మీద నవ్వు పెట్టుకోవడం కూడా పనే, దానికీ మనిషి అరిగిపోతాడని. ఎమోషనల్ లేబర్ అన్నారు. అది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పక్క బెడ్డు మీద పాతికేళ్ల కుర్రాడు చనిపోతాడు, వాళ్లమ్మ మన కొంగు పట్టుకుని ఏడుస్తుంది, ఐదు నిమిషాలకి ఈ బెడ్డు దగ్గరికి వచ్చి "ఎలా ఉన్నారు తాతగారూ" అనాలి. ఒక్కరు ఇద్దరి పని చేస్తున్నచోట, కూర్చోవడానికి గది లేనిచోట, ఓపిక పట్టమని ట్రైనింగ్ ఇస్తే అది అన్యాయం. మనుషుల్ని వెయ్యండి అని అడగడం కూడా మనసెరగడంలో భాగమే. అలసిపోయిన మనసు ఇంకొకరి మనసుని చదవలేదు. నేను ఆ వారం చదవలేకపోయాను, చెప్పాను కదా.

అంతే నేను చెప్పాలనుకున్నది. అడగండి.

(చివర్లో ఒక ప్రశ్న)

వెనక నుంచి ఒకమ్మాయి అడుగుతోంది, "మా సీనియర్ అందరి ముందూ అరుస్తారు, మూడ్ బాగాలేనప్పుడు ఏం చెప్పాలన్నా భయం. మేమేం చేయాలి?" అని. మంచి ప్రశ్నమ్మా, అడగడానికి ధైర్యం కావాలి. అరిచేవాళ్లని మార్చే మంత్రం నా దగ్గర లేదు. కానీ ఒంటరిగా వెళ్లకు. ఇంకొకర్ని పక్కన తీసుకుని వెళ్లు. ఇద్దరు నిలబడితే అరుపు సగమవుతుంది. వెళ్లగానే అంకెతో మొదలుపెట్టు, నీ తప్పుతో కాదు. "సిస్టర్, 9వ బెడ్డుకి యాభై యూనిట్లు పడ్డాయి, ఇప్పుడు షుగర్ చూడాలి." ముందు ఇది. ఎలా జరిగింది, ఎవరు చేశారు, అదంతా తర్వాత. ఆ నిమిషంలో వాళ్లు ఎంత కోపంలో ఉన్నా చేతులు పేషెంటు వైపే వెళ్తాయి, ఎందుకంటే వాళ్లూ నర్సులే. అరిస్తే తర్వాత అరుస్తారు. ఆ రాత్రి కాకపోయినా, ఇంకో రోజు, వాళ్లు కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు, చెప్పు. "మీరు అరుస్తారని చెప్పడానికి ఆలస్యం చేశాను సిస్టర్" అని. నాకు ఆ మాట ఎవరూ నేరుగా చెప్పలేదు. ఆయమ్మ చెప్తేనే తెలిసింది. ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎలా ఉండేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకా అడగాలనుకుని అందరిలో అడగలేకపోతున్నవాళ్లు ఉంటారు. నాకు తెలుసు. నా బస్సు ఐదున్నరకి. అప్పటిదాకా బయట వరండాలో, ఆ వేపచెట్టు వైపున్న బెంచీ మీద కూర్చుంటాను. వచ్చి చెప్పండి.